రిజిస్ట్రేషన్ అయిపోయింది

మొత్తానికి మియాపూర్ ఫ్లాట్ మా పేరు మీదికి వచ్చింది. రీసేల్ ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ బాధ లేదు.

చూడడం, బేరమాడడం త్వరగానే తేలిపోయాయి. అసలు టెన్షన్ కాగితాల దగ్గర మొదలైంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, కాకపోతే ఓపిగ్గా చదవాలి. మా దాంట్లో ఒక పాత బ్యాంకు తనఖా కనిపించింది. అప్పు ఎప్పుడో తీర్చేశామన్నారు అమ్మేవాళ్లు. నిజమే, కానీ తనఖా విడుదల పత్రం రిజిస్టర్ కాలేదు. అది తేలేదాకా అడ్వాన్సుకు మించి రూపాయి కట్టడానికి వీల్లేదన్నారు మా లాయరుగారు. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, ముందేసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తూర్పు ఎవరు, పడమర ఎవరు అని హద్దులు నాతో పైకి చదివించారు. ఆ ఫీజు ఇచ్చినందుకు నాకేం బాధ లేదు.

చదరపు అడుగుల లెక్క చూసి మురిసిపోవడం కాదండీ, అందులో కార్పెట్ ఏరియా (గోడల లోపల మనం వాడుకునే చోటు) ఎంత, మనకొచ్చే యూడీఎస్ (బిల్డింగు స్థలంలో మన వాటా) ఎన్ని గజాలు అని అడగాలి. బిల్డింగు పాతబడితే మిగిలేది ఆ గజాలే.

ధర మాట్లాడుకున్నాక స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (వాళ్ల ఆదాయపు పన్ను కింద) పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పనీ కొనేవాళ్లదే.

ఇక కరెంటు మీటరు పేరు మార్పించాలి. గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకుందామంటున్నారు అత్తయ్య. ఈఎంఐ మాత్రం వచ్చే నెల 5 నుంచే.