పది రోజుల ధర, పది నెలల బర్రె

జనవరి 12, సోమవారం

మూడున్నరకు లేచాను. బయట మంచు బాగా కురుస్తోంది. కొట్టంలో బల్బు వేయగానే గౌరి తల తిప్పి చూసింది. అది పాలు మానేసి రెండు వారాలైంది. ఏడో నెల చూడి. పాలు ఇవ్వకపోయినా నన్ను ముందు పలకరించేది అదే.

మా ఆవిడ అప్పటికే కుడితి కలిపి పెట్టింది. ఇద్దరం కలిసి నాలుగు బర్రెల పాలు పిండితే 18 లీటర్లు అయ్యాయి. మామూలుగా పొద్దుటి పాలన్నీ హైదరాబాద్ వనస్థలిపురంలో ఇళ్లకే పోతాయి, లీటరు 90 రూపాయలు. సాయంత్రం వచ్చే 16 లీటర్లు పాల కేంద్రంలో పోస్తాను. ఈ వారం ఆ లెక్క తప్పింది. సంక్రాంతికి జనమంతా ఊళ్లకు వెళ్తున్నారు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి సిటీ వైపు నేను బండి మీద వస్తుంటే, అవతలి వైపు విజయవాడ దారి అంతా కార్లే. తెల్లారకముందే పంతంగి టోల్‌గేట్ దాటాలని అందరికీ తొందర. పిల్లలతో, సామాన్లతో సొంతూరికి పోతున్న వాళ్లను చూస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ కార్లలో నా పాలు పోయించుకునే ఇళ్లు ఎన్ని ఉన్నాయో అని కూడా మనసు లెక్క పెట్టుకుంటుంది.

ఇవాళ ఇళ్లకు పోసింది 8 లీటర్లే. 10 లీటర్లు మిగిలాయి.

రెండో వీధిలో రిటైరైన టీచరమ్మ గిన్నె పట్టుకుని అడిగింది, "ఏమయ్యా, జీఎస్టీ తగ్గించారు కదా, నీ పాలు తగ్గవా?" 2025 సెప్టెంబర్ 22 నుంచి నెయ్యి, వెన్న మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. మామూలు పాల మీద ముందు నుంచీ జీఎస్టీ లేదు, లేనిది తగ్గడానికి ఏమీ ఉండదని చెప్పాను. ఆమె అర్థం చేసుకుంది. "నీకు మిగులుతోందా మరి?" అని అడిగింది. ఆ మాట అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇంకో అర లీటరు ఎక్కువ పోయమని, పండక్కి పరమాన్నం చేస్తానని చెప్పింది.

మిగిలిన పాలు వెనక్కి తెచ్చి కేంద్రంలో పోశాను. అక్కడి ధర తగ్గిందని నిన్న రాత్రి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. లీటరుకు ఒక్కో ఫ్యాట్ పాయింట్‌కు, అంటే పాలలో ఉన్న ఒక్కో శాతం వెన్నకు, ఇచ్చే 8 రూపాయలు 7 రూపాయల 60 పైసలు అయ్యింది. 11వ తేదీ నుంచే అమలు. అంటే నిన్న సాయంత్రం నేను పోసి వచ్చిన పాలకు కూడా కొత్త ధరే. మాకు బిల్లు పది రోజులకోసారి వేస్తారు, ధర కూడా అలాగే మారుతుంది. ఇవాళ మిషన్‌లో ఫ్యాట్ 6.5 వచ్చింది. లీటరుకు 49 రూపాయల 40 పైసలు, 10 లీటర్లకు 494 రూపాయలు. అవే పాలు ఇళ్లకు పోసి ఉంటే 900.

"నా చేతిలో ఏముందన్నా, పైనుంచి వచ్చింది" అన్నాడు మిషన్ దగ్గరి పిల్లవాడు. నిజమే, వాడి మీద నాకు కోపం లేదు. పొద్దుటి పాలలో ఫ్యాట్ సాయంత్రం కంటే కొంచెం తక్కువ ఉంటుందని నాకూ తెలుసు. రాత్రంతా పొదుగులో నిలిచిన పాలు ఎక్కువ, వెన్న తక్కువ. చివర్లో పిండే చారెడు పాలలోనే అసలు చిక్కదనం ఉంటుంది. అందుకే దూడకు ముందు పాలు వదిలి, చివరి ధార వరకు ఓపిగ్గా పిండుతాం.

ధర ఎందుకు తగ్గిందో కూడా నాకు తెలుసు. బర్రెలు ఎక్కువగా వానల చివర నుంచి చలికాలం లోపల ఈనుతాయి. ఇప్పుడు అందరి కొట్టాల్లోనూ పాలే. డెయిరీలు అమ్ముడు పోని పాలను పౌడర్, వెన్న చేసి దాచుకుంటాయి. ఆ పౌడర్‌కు బజారులో ధర లేకపోతే మా దగ్గర కోత పడుతుంది. ఎండాకాలం ధర పెరుగుతుంది, అప్పుడు నా దగ్గర పాలు తక్కువ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు టీ హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు మూతపడి ధర ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత 2022లో ఆవులకు లంపీ చర్మ రోగం వచ్చింది, దాణా ధరలు పెరిగాయి, పాల ధర కూడా ఎక్కుతూ పోయింది. ఆ ఎక్కుతున్న ధర చూసే నేను 2023లో అప్పు తెచ్చి లక్షా ఇరవై వేలకు ముర్రా జాతి బర్రెను కొన్నాను. ఆ బర్రే గౌరి. ఆ అప్పు కిస్తీలు ఇంకా కడుతున్నాను.

నన్ను లోపల కుదిపేసే సంగతి ఇదే. బర్రె చూడి కట్టిన రోజు నుంచి ఈనడానికి పది నెలలు పడుతుంది. పుట్టిన ఆడ దూడ పెరిగి తను పాలివ్వడానికి మూడున్నర, నాలుగేళ్లు. అంత ముందు నుంచి నేను పెట్టుబడి పెట్టాలి. ధర మాత్రం పది రోజుల ముందు కూడా చెప్పరు. తగ్గించవద్దని నేను అనడం లేదు. ఈ సీజన్‌కు ఇంత అని ముందే చెబితే, ఎన్ని బర్రెలు ఉంచుకోవాలో, ఎంత గడ్డి కొనాలో నేను చూసుకుంటాను.

దాణా విషయంలో తగ్గడమన్నది లేదు. పత్తి గింజల నూనె తీయగా మిగిలే పత్తి చెక్క 50 కిలోల బస్తా మీద దుకాణంలో 150 రూపాయలు పెంచారు. నాకు ఐదు రోజులకో బస్తా కావాలి. పోనీ చెక్క తగ్గిద్దామా అంటే రెండు మూడు రోజుల్లోనే పాలు తగ్గుతాయి, మళ్లీ పాత దారికి రావడానికి వారాలు పడుతుంది. ఒకసారి చేసి బుద్ధి తెచ్చుకున్నాను. ఇప్పుడు అర ఎకరం కౌలుకు తీసుకుని సూపర్ నేపియర్ గడ్డి వేశాను, పచ్చిగడ్డి బయట కొనే పని తప్పింది. వరిగడ్డి మాత్రం నల్గొండ వైపు నుంచి కట్టలు తెప్పించుకోవాల్సిందే.

మధ్యాహ్నం మా వదిన, అంటే మా ఆవిడ వాళ్ల అక్క, ఫోన్ చేసింది. వాళ్లది ముల్కనూరు దగ్గర. ఆమె అక్కడి మహిళా డెయిరీలో సభ్యురాలు. ఆడవాళ్లే సంఘాలు కట్టి మొదలుపెట్టుకున్న డెయిరీ అది. "ధర మాకూ దిగుతది, కానీ లాభం వస్తే ఏడాదికి బోనస్ మళ్ల మాకే వస్తది. మీరెందుకు సంఘం పెట్టుకోరు?" అంది. మా వీధిలో ఒకప్పుడు ముప్పై ఇళ్లలో బర్రెలు ఉండేవి. ఇప్పుడు ఐదు ఇళ్లు. మిగతా చోట్లన్నీ ప్లాట్లు. మా తాత కాలంలో కాచిగూడలో బర్రెల కొట్టాలుండే తబేలాలో ఉండేవాళ్లం, అక్కడి నుంచి జరిగి జరిగి ఇంత దూరం వచ్చాం. ఇంకా ఎక్కడికి జరగాలి? అయినా ఆ ఐదు ఇళ్ల వాళ్లతో పండగ తర్వాత ఒకసారి కూర్చోవాలని అనుకున్నాను. కనీసం చెక్క, వరిగడ్డి లారీ లెక్కన కలిసి కొంటే ఎంతో కొంత మిగులుతుంది.

సాయంత్రం పాల తర్వాత బర్రెలు కొని అమ్మే బేరగాడు మళ్లీ వచ్చాడు. గౌరికి 60 వేలు అన్నాడు. కిస్తీ గుర్తొచ్చి ఒక్క క్షణం నా నోరు తెరుచుకుంది. మా ఆవిడ గంప కింద పెట్టి, "ఇంకో మూడు నెలలు ఓపిక పడితే ఈంతది. అప్పుడు పాల బర్రెను ఎక్కడ తెస్తం, లక్ష పెట్టి?" అంది. అతను 65 అన్నాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. నేను వద్దన్నాను.

రాత్రి లెక్క చూసుకున్నాం. ఇవాళ్టిలా మిగిలే 10 లీటర్లకు తోడు పెట్టి చిలికితే 600 గ్రాముల నెయ్యి వస్తుంది. కిలో వెయ్యి చొప్పున టీచరమ్మ వాళ్ల వీధిలోనే అడిగేవాళ్లు ఉన్నారు. గ్యాస్ ఖర్చు, ఆవిడ కష్టం పోను పెద్దగా మిగలదు, కానీ 494 కంటే నయం, మజ్జిగ పిల్లలకు. రేపటి నుంచి పొద్దుటి మిగులు కేంద్రానికి వద్దని ఆవిడే తేల్చేసింది. పెద్ద కుండ కడిగి బోర్లించింది.

రేపు ఇళ్లకు ఏడు లీటర్లే. మూడో వీధి సార్ వాళ్లు కూడా రాత్రికి బయలుదేరుతున్నామని ఫోన్ చేశారు. టీచరమ్మకు అర లీటరు ఎక్కువ పోయాలి. పడుకునే ముందు కొట్టంలోకి వెళ్లి గౌరి డొక్క మీద చెయ్యి పెట్టి చూశాను. లోపల దూడ కదిలింది.