బి సెక్షన్ హీరో బ్యారీ హారోవిట్జ్

మన బ్యాచ్ సంచికకి ఏదో ఒకటి రాయమని గ్రూపులో అడిగినప్పుడే అనుకున్నా, సగం మంది లెక్కల మాస్టారి బెత్తం గురించే రాస్తారని. ఆ బెత్తం నేనూ తిన్నాను గానీ ఆ సంగతి వాళ్లకే వదిలేస్తున్నా. నేను టీవీలో చూసిన రెజ్లర్ బ్యారీ హారోవిట్జ్ గురించి రాస్తా. వాడెవడని ఎ సెక్షన్ వాళ్లు అడగొచ్చు, 1997 టెన్త్ బ్యాచ్ బి సెక్షన్ వాళ్లు మాత్రం అడగరు.

అప్పట్లో కేబుల్ ఉన్న ఇళ్లు తక్కువ. మాలో ఒకడింట్లో ఉండేది, ఆదివారం చాప మీద తొమ్మిది మంది కూర్చుని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా కంపెనీ రెజ్లింగ్ షో చూసేవాళ్లం. స్కూల్లో రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డుల పిచ్చి కూడా అప్పుడే. అండర్‌టేకర్ కార్డు చేతిలో ఉన్నవాడు ఇంటర్వెల్లో జమీందారులా తిరిగేవాడు. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని, అందులో నాలుగు అయిపోయాయని చెప్పిన మహానుభావుడు ఇప్పుడు ఊళ్లో మందుల షాపు నడుపుతున్నాడు.

కార్డుల్లో కనపడని వాళ్లు టీవీలో ఉండేవాళ్లు. పెద్ద రెజ్లర్ లైట్లతో, మ్యూజిక్‌తో నడిచి వచ్చేసరికి రింగులో ఒకడు ముందే నిలబడి ఉంటాడు. వాడికి మ్యూజిక్ లేదు, వాడు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూపించరు. మూడు నిమిషాల్లో చావుదెబ్బలు తిని, రిఫరీ వన్ టూ త్రీ లెక్కపెట్టాక దొర్లుకుంటూ రింగు కిందికి దిగిపోతాడు. వీళ్లని జాబర్లంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఓడిపోవడమే వాళ్ల జాబ్. యాంకీస్ అనే బేస్‌బాల్ టీమ్ చిరిగిన టీషర్టుతో వచ్చే బ్రూక్లిన్ బ్రాలర్ ఏళ్ల తరబడి అదే పని చేశాడు.

హారోవిట్జ్ వీళ్లందరిలో వేరు. ఎదుటివాడి చెయ్యి ఒక్కసారి మెలిపెట్టగలిగితే చాలు, వెంటనే చెయ్యి వెనక్కి తిప్పి తన వీపు తనే రెండుసార్లు తట్టుకునేవాడు. జాకెట్ వెనక కూడా ఒక అరచెయ్యి బొమ్మ ఉండేది. ఇంకో అర నిమిషంలో చితక్కొట్టించుకుంటాడని వాడికి తెలుసు, మాకు తెలుసు, అయినా ఆ శభాష్ మాత్రం మానడు. ఎవరూ మెచ్చుకోకపోతే మనమే మెచ్చుకోవాలి మరి!

మా సెక్షన్‌కి వాడు ఎందుకు నచ్చాడో చెప్పాలంటే మన కబడ్డీ సంగతి చెప్పాలి. ఎనిమిది నుంచి పది దాకా ఎ సెక్షన్ మీద ఒక్క మ్యాచ్ గెలవలేదు. నేను కూతకి వెళ్లి గీత దాటిన రెండో క్షణంలో దొరికిపోయేవాణ్ణి, నా మీద నలుగురు పడేవాళ్లు, డ్రిల్ మాస్టారు విజిల్ వేసేదాకా లేచేవాళ్లు కాదు. ఒకరోజు అలాగే దొరికి, ఒళ్లంతా దుమ్ముతో లేచి, ఎందుకనిపించిందో నా వీపు నేనే తట్టుకున్నా. మా వాళ్లంతా పగలబడి నవ్వారు. అప్పటినుంచి ఔటైన ప్రతివాడూ వీపు తట్టుకునే బయటికి వచ్చేవాడు. ఎ సెక్షన్ వాళ్లకి పిచ్చెక్కిపోయేది, గెలిచింది వాళ్లు, పండగ మాది.

1995 జూలైలో హారోవిట్జ్ గెలిచాడు. ఒంటి గురించి గొప్పలు పోతూ అందరికీ ఎక్సర్‌సైజు పాఠాలు చెప్పే స్కిప్ అనేవాణ్ణి చటుక్కున చుట్టేసి, భుజాలు నేలకి అదిమి పిన్ చేశాడు. ఆ తర్వాత ఒక ఆదివారం మేం చూశాం. కామెంటరీ చెప్పే జిమ్ రాస్ గొంతు చించుకుంటున్నాడు, చాప మీద మేం అంతకంటే ఎక్కువ అరిచాం, వంటింట్లోంచి వాళ్లమ్మగారు గరిటతో పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందిరా అన్నారు. హారోవిట్జ్ గెలిచాడు ఆంటీ అంటే, ఎవరి అబ్బాయి అని అడిగారావిడ. గాలివాటం గెలుపు కాదు, ఆగస్టులో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో కూడా అదే స్కిప్‌ని ఓడించాడు.

అదంతా ముందే అనుకుని ఆడేదని ఎ సెక్షన్ వాళ్లు వెక్కిరించేవాళ్లు. నిజమే, అది ఆట కాదు వినోదమని 1989లోనే ఆ కంపెనీ న్యూజెర్సీ సెనేట్ ముందు ఒప్పుకుంది. మేం మాత్రం వాళ్ల మాట అబద్ధమని నిరూపించడానికి లాంగ్‌జంప్ ఇసుక గుంటలో సుప్లెక్స్, అంటే ఎదుటివాణ్ణి ఎత్తి వెనక్కి పడేసే పట్టు, వేసుకున్నాం. అప్పుడర్థమైంది, ఎత్తేవాడు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఎత్తించుకునేవాడు కూడా నేల మీంచి ఎగరాలి. గడ్డం గుండెకి ఆనించి, వీపంతా ఒకేసారి నేలకి తగిలేలా పడి, చేతులతో నేలని చరచాలి. నేను గడ్డం ఆనించలేదు. నోట్లో ఇసుక, మెడ వారం రోజులు ఒక పక్కకే తిరిగింది, ఇంట్లో బస్సులో నిద్రపోయానని చెప్పా. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదని తెలుగు మాస్టారు చెప్పిన సామెత మేం ఇసుక గుంటకి వాడుకున్నాం.

అంటే ఓడేవాడు బాగా పడితేనే గెలిచేవాడు భీముడిలా కనిపిస్తాడు. దెబ్బలు కూడా ఉత్తుత్తివి కావు. 1986లో పేరు లేని కుర్రాడిగా ఓడిపోవడానికి వచ్చిన మిక్ ఫోలీకి డైనమైట్ కిడ్ అనే రెజ్లర్ కొట్టిన దెబ్బతో దవడ పాడై కొన్ని వారాలు గట్టి తిండి తినలేకపోయాడు. అదే ఫోలీ 1999 జనవరిలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇంటర్నెట్ వచ్చాక వెతికి చూసింది ఇంకోటుంది, 1993 మే 17న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ల రా షోలో బక్కపలచటి కుర్రాడొకడు రేజర్ రామోన్ అనే పెద్ద రెజ్లర్‌ని ఓడించడం. అంతకుముందు వారం వారం పేరు మార్చుకుంటూ ఓడిపోయినవాడు ఆ రాత్రితో ‘వన్ టూ త్రీ కిడ్’ అయిపోయాడు. రామోన్ మొహం చూడాలి, జేబు కొట్టేసినట్టు ఉంటుంది.

తర్వాత చదువులు, ఉద్యోగాలు, రెజ్లింగ్ మర్చిపోయా. 2018లో అనుకుంటా, మా అబ్బాయి ఫోన్లో చూస్తుంటే కర్ట్ హాకిన్స్ అనేవాడు కనపడ్డాడు. 2016 చివర్లో మొదలుపెట్టి గెలుపన్నదే లేదు వాడికి. ఓటముల లెక్క వంద దాటింది, రెండొందలు దాటింది. ఈసారైనా గెలవాలని జనం కోరుకోవడం, కంపెనీ వాళ్లు ఇంకోటి ఓడించడం. గ్రూపులో ఆ లెక్క పెట్టడం మొదలుపెట్టా. బి సెక్షన్ వాళ్లంతా ఒక్కసారిగా బయటికొచ్చారు, సంవత్సరాల తరబడి గుడ్ మార్నింగ్ కూడా పెట్టనివాళ్లతో సహా.

2019 ఏప్రిల్ 7న న్యూజెర్సీలో రెసిల్‌మేనియా, ఆ కంపెనీ ఏడాదికోసారి పెట్టే అన్నిటికంటే పెద్ద షో, మనకి 8 తెల్లవారుజాము. అప్పటికి లెక్క 269. మనవాడొకడు అక్కడికి దగ్గర్లోనే ఉంటాడు, ఖోఖోలో కూడా ఔటయ్యేవాడు, పిల్లలకి చూపిస్తానని ఇంట్లో చెప్పి టికెట్లు కొన్నాడు (పిల్లలకి రెజ్లింగ్ అంటే అస్సలు ఇష్టం లేదట). నిద్రలేచి ఫోన్ చూస్తే వాడి వాయిస్ మెసేజ్. హాకిన్స్, పాత స్నేహితుడు జాక్ రైడర్‌తో కలిసి ట్యాగ్ టీమ్ టైటిల్, అంటే జంటగా ఆడేవాళ్ల టైటిల్, కొట్టేశాడు, అదీ ఎదుటివాణ్ణి చటుక్కున చుట్టేసి, అచ్చం హారోవిట్జ్ లాగే. ముప్పావు వంతు మెసేజ్ జనం గోలే. మధ్యలో ఒకసారి “ఒరేయ్, గెలిచాడ్రా” అని గొంతు జీరగా వినపడింది. తర్వాత మాటల్లేవు, ఫోను పట్టుకున్న చెయ్యి కాకుండా రెండో చేత్తో చరుచుకున్నట్టు, టప్, టప్.