వేపచెట్టు కింద ఒక్క పువ్వు

"అమ్మా, అది పీకొద్దు!" అని పొద్దున్నే గట్టిగా అరిచేశా. వేపచెట్టు కింద కలుపు తీస్తున్న అమ్మ, కొడవలి అలాగే పట్టుకుని ఆగిపోయింది.

జానెడు మొక్క. ఒకే ఒక్క పువ్వు. లేత ఊదా రంగులో ఒకటే రేకు ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే దాని పైన ఇంకో నాలుగు బుల్లి రేకులు కనపడ్డాయి.

రత్నపురుష! వయొలెట్ పూల మొక్కల కుటుంబమే, మన నేల మొక్కే.

పోయిన ఏడాది పాలకొండల వైపు వెళ్లినప్పుడు నాలుగు కాయలు తెచ్చా. ఎండితే కాయ మూడు చీలికలై గింజల్ని దూరంగా విసిరేస్తుంది, అందుకే పల్చటి గుడ్డలో మూటకట్టి ఉంచా. నీడలో, రాలిన వేపాకుల మధ్య చల్లితే నెలల తరబడి ఏమీ రాలేదు. కడప ఎండలకు మాడిపోయాయనే అనుకున్నా, నిజంగా బాధేసింది. వానలు పడ్డాక ఇదొక్కటి లేచింది.

వేలి కొసంత పువ్వు కోసం ఇంత ఆరాటమా అంటే, అవును. కుండీల్లో కొనుక్కొచ్చిన ఏ పూలూ నాకు ఇంత ఆనందం ఇవ్వలేదు.

అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే దాని చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి.