అల్లుడుగారు మాస్టారయ్యేదాకా

పోయిన నెల్లో నాతో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లాయనది వియత్నాం. ఇద్దరూ సింగపూర్‌లో ఉంటున్నారు, ఇప్పుడు భీమవరం వచ్చేసి అమ్మావాళ్ల దగ్గరే ఉండిపోదామని ఆలోచన. "నువ్వు ఇదంతా పడ్డావు కదే, ఏమేం కాగితాలు కావాలో ఒక్కసారి చెప్పు" అంది. గంటసేపు కాగితాల గురించే చెప్పాను. ఫోన్ పెట్టేశాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన కోసమూ, తనలాంటి వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

మాది కాకినాడ. మా ఆయనది పోలండ్‌లో ఓపొలె అనే ఊరి దగ్గర పల్లె. ఆ వైపు జర్మన్ మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, వాళ్ల అమ్మమ్మగారు ఇంట్లో జర్మనే మాట్లాడేవారట. నేను క్రాకోవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు పరిచయం. 2019 జనవరిలో కాకినాడలోనే పెళ్లి చేసుకుని మళ్లీ క్రాకోవ్ వెళ్లిపోయాం. తర్వాత నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, అమ్మ ఒక్కతే చూసుకోలేకపోతోంది, నేనేమో ఒక్కగానొక్క కూతుర్ని. రాత్రి ఒంటిగంటకి వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే "వెళ్లిపోదాం, రెండేళ్లకో మూడేళ్లకో కాదు, పూర్తిగా" అని ముందు అన్నది ఆయనే. 2022 ఆగస్టులో వచ్చేశాం.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. మాలాంటి పెళ్లిళ్లకి 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉంది. పెళ్లి చేసుకుంటామని రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి అయిపోవాలి, దాటితే కథ మళ్లీ మొదటికొస్తుంది. సాక్షులు ముగ్గురు కావాలి. నేను సెలవు పెట్టి ముందే వచ్చి కూర్చున్నాను. మా పేర్లు ఆఫీసు గోడ మీద అంటించి ఉన్న ఆ నెల రోజులూ అమ్మ ఆ రోడ్డు వైపు అడుగు పెట్టలేదు. తర్వాత తనే ముందుండి అక్షింతలు వేసింది కానీ, ఆ నెల ఎంత నలిగిపోయిందో నాకు తెలుసు. ఆయన వైపు నుంచి, పెళ్లికి చట్టపరంగా అడ్డు లేదని వాళ్ల ఊరి రిజిస్ట్రార్ ఇచ్చే పత్రం కావాలి. అది 6 నెలలే చెల్లుతుంది, కాబట్టి తొందరపడి ముందే తెచ్చుకోకండి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పింది పేరు. పోలండ్‌లో చాలా ఇంటిపేర్లకి చివర మగవాళ్లకైతే "స్కి", ఆడవాళ్లకైతే "స్కా" వస్తుంది. అంటే ఒకే ఇంట్లో మావయ్యగారి ఇంటిపేరు ఒకలా, అత్తయ్యగారిది ఒకలా కనిపిస్తుంది. దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లు చూసిన గుమస్తాగారు "స్పెల్లింగ్ తప్పు పడింది, సరిచేసి తీసుకురండి" అన్నారు. తప్పు కాదండీ, వాళ్ల భాషే అంత అన్నాను. నమ్మలేదు. ఆయన్ని అనడానికి లేదు, చూసేవాళ్లకి అది తప్పులాగే ఉంటుంది. దానికితోడు మా ఆయన పేరులో ఎల్ మీద అడ్డగీత గీసినట్టుండే అక్షరం ఒకటుంది, మన కంప్యూటర్ ఫారాలు దాన్ని తీసుకోవు, మామూలు ఎల్ కొడితే జనన పత్రంలో ఉన్న పేరుకీ దీనికీ తేడా వస్తుంది. చివరికి ఈ రెండు సంగతులూ వివరిస్తూ ఒక అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, దాని కాపీలు ఒక ఇరవై దగ్గర పెట్టుకున్నాను. ఎక్కడికెళ్లినా మొదట ఆ కాగితమే ఇచ్చేదాన్ని. మీ వాళ్ల పేర్లలో ఇలాంటివి ఏమున్నా మొదటి రోజే రాయించి పెట్టుకోండి, చాలా టెన్షన్ తగ్గుతుంది. ఇంటిపేరు ముందుండే నా పేరు చూసి పోలండ్ ఆఫీసుల్లో నన్నూ ఇలాగే తిప్పారు, అప్పుడు ఆయన నా పక్కన ఓపిగ్గా నిలబడ్డారు. ఈసారి నా వంతు.

మొదట స్పౌజ్‌కిచ్చే ఎంట్రీ వీసా మీద వచ్చారు. 180 రోజులు దాటిన వీసా అయితే దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఇప్పుడదంతా ఆన్‌లైన్‌లోనే. పెళ్లి రిజిస్టరై, ఆ బంధం రెండేళ్లు వరసగా సాగాక ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి, అంటే వీసా లేకుండా ఇక్కడ ఉండనిచ్చే కార్డుకి, అర్హత వస్తుంది. మాకు అప్పటికే మూడేళ్లు దాటాయి కాబట్టి ఇక్కడికొచ్చాక దరఖాస్తు పెట్టాం. భార్యాభర్తల కోటాలో అడిగేవాళ్లకి ముందు సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. ఒకరోజు పోలీసాయన ఇంటికొచ్చి, పక్కింటివాళ్లని అడిగి, అమ్మతో మాట్లాడి, వెళ్లేటప్పుడు మంచినీళ్లు తాగి వెళ్లారు. కార్డు చేతికి రావడానికి 8 నెలలు పట్టింది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఆ కార్డు పెళ్లి మీద నిలబడినది, విడాకులైతే రద్దు చేయవచ్చు. ఆ మాట చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మనిషి ఇక్కడ ఉండే హక్కు నా చేతిలో ఉంటే ఆ ఇంట్లో ఇద్దరం సమానం ఎలా అవుతాం?

అసలు చెప్పాలనుకున్నది ఇక్కణ్ణుంచి మొదలు.

గోదావరి జిల్లాల్లో అల్లుడి మర్యాదలు మీకు తెలిసినవే. సంక్రాంతికి కొత్తల్లుడికి ఎన్ని రకాలు వడ్డించారో పేపర్లో ఫొటోలతో వస్తుంది. మా ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట "చాలు". అదీ ఎంత చక్కగా పలికారంటే అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. చూడండి, చాలు, చాప, చుక్క అన్నప్పుడు మనం పలికే చ వేరు, చెట్టు, చిన్న అన్నప్పుడు పలికేది వేరు, రాసే అక్షరం మాత్రం ఒకటే. పోలిష్‌లో ఆ శబ్దాలకి విడివిడిగా అక్షరాలే ఉన్నాయి. అందుకని మన ఊళ్లో ఇంగ్లీషు మీడియం పిల్లలకి కూడా పలకని ఆ "చాలు" ఆయన నోట మా నాయనమ్మ పలికినట్టే వచ్చింది. దీర్ఘాలు మాత్రం ఇప్పటికీ కష్టమే, వాళ్ల భాషలో ఆ తేడా లేదు. టిఫిన్ సెంటర్లో చాలాకాలం వడలని వాడలనే అడిగారు.

ఆయన చాలన్నా అమ్మ ఆగేది కాదు. "మొహమాటపడకండి అల్లుడుగారూ" అని ఇంకో గరిటె. కంచం ఎత్తబోతే లాక్కునేది. నీళ్లు తెచ్చుకోబోతే తనే పరుగెత్తేది. ఆయన వరండాలోకి వస్తే నాన్న పడిపోయిన చేత్తో కూడా కుర్చీ జరపబోయేవాడు. చుట్టాలొస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకి వేసేవాళ్లు, ఎండ తగులుతుందని. మా పెద్దత్త అయితే ఆయన ముందు నాతో ఒక్క మాట గట్టిగా అనేది కాదు. ఇదంతా ప్రేమే, ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ నాలుగో నెల వచ్చేసరికి ఆయన రాత్రుళ్లు మాట్లాడడం తగ్గించేశారు. నేను ఎండ అనుకున్నాను, తిండి అనుకున్నాను, వాళ్ల అమ్మ గుర్తొస్తున్నారేమో అనుకున్నాను. గట్టిగా అడిగితే ఒక్కటే అన్నారు: "ఇక్కడ అందరూ నన్ను రేపు వెళ్లిపోయేవాడిలా చూస్తున్నారు."

మన దగ్గర అతిథికి ఎంత గౌరవమో, కానీ అతిథి పని చెయ్యకూడదు, డబ్బు తియ్యకూడదు, కోప్పడకూడదు, మనమూ అతని మీద కోప్పడకూడదు. పండక్కొచ్చిన వాళ్లకి సరే. ఉండిపోవడానికి వచ్చిన మనిషి అలా ఎన్నాళ్లుంటాడు? అక్కడ వీసా కాగితాలు ఆయన్ని అతిథిగానే చూస్తున్నాయి, ఇక్కడ మా ఇల్లూ అతిథిగానే చూస్తోంది.

డబ్బు సంగతి అయితే నేను నిజంగా ఆలస్యంగా గుర్తించాను. క్రాకోవ్‌లో ఎవరి జీతం వాళ్లది. ఇక్కడ ఆధార్ లేదు, బ్యాంకు ఖాతా లేదు, కాబట్టి ఫోన్‌పే లేదు. మా వీధి చివర టీ బండి ఆయన కూడా స్కానర్ పెట్టుకున్న రోజుల్లో, నలభయ్యేళ్ల మనిషి టీకి నా దగ్గర చిల్లర అడిగి పట్టుకెళ్లేవారు. విదేశీయులు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటేనే ఆధార్‌కి అర్హులు, ఆ రోజులు గోడ మీద క్యాలెండర్లో కొట్టేసుకుంటూ కూర్చున్నారు. ఆధార్ వచ్చాక బ్యాంకుకి మూడుసార్లు తిరిగితే ఖాతా తెరిచారు. ఆ సాయంత్రం టీ బండి దగ్గర 20 రూపాయలు కొట్టి, "ఇరవై రూపాయలు వచ్చాయి" అని ఆ డబ్బా అరిస్తే, అక్కడ నిలబడ్డ అందర్నీ చూసి నవ్వారు. అంత సంతోషం ఆయన మొహంలో చూసి ఆర్నెల్లు దాటింది. నేను టీ గ్లాసు పట్టుకుని పక్కకి తిరిగిపోయాను, కళ్లు తుడుచుకోడానికి.

ఎంట్రీ వీసా మీద ఉన్నన్నాళ్లూ సంపాదన జోలికి వెళ్లలేదు. ఓసీఐ వచ్చాక జర్మన్ చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన పిల్లలు ఎంతమంది జర్మనీ వైపు చూస్తున్నారో మీకు తెలుసు, మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు, నర్సింగ్ చేసిన అమ్మాయిలు. జర్మన్‌లో బి1 అనే మధ్యస్థాయి దాకా రావాలంటే హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకుని ఉండాల్సి వచ్చేది కొంతమందికి. మా డాబా మీద రేకుల షెడ్డులో నలుగురితో మొదలైంది. ఇప్పుడు రెండు బ్యాచ్‌లు. తుని నుంచి ఒకమ్మాయి రోజూ రైల్లో వచ్చి వెళ్తుంది. మొదటి వారంలోనే ఆ పిల్లలు "మాస్టారూ" అనడం మొదలెట్టారు, అది వీధిలోకి దిగింది, కూరగాయలమ్మాయి అంది, ఇస్త్రీ అబ్బాయి అన్నాడు. ఎవరింటి అల్లుడు, ఏ దేశం అన్నవి వెనక్కి పోయాయి. డాబా మీద జర్మన్ మాస్టారు, అంతే.

తను కోల్పోయినవి కూడా ఉన్నాయి, అవి నేను దాచిపెట్టి రాస్తే అబద్ధం అవుతుంది. 2023 అక్టోబర్ 15న పోలండ్‌లో పార్లమెంటు ఎన్నికలు. బయటి దేశాల్లో ఉన్నవాళ్లు ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో పెట్టే బూత్‌కి స్వయంగా వెళ్లి వెయ్యాలి. ఒక్క ఓటు కోసం కాకినాడ నుంచి ఢిల్లీ వెళ్లొచ్చారు. మళ్లీ 2024 మే 13న ఇక్కడ ఎన్నికలు, నాన్నని చక్రాల కుర్చీలో బూత్ దాకా తోసుకెళ్లింది ఆయనే, గేటు బయట చెట్టుకింద నిలబడిపోయారు. ఓసీఐకి ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనుక్కునే వీలు లేదు. పౌరసత్వం కావాలంటే ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి, ఆ దేశం పౌరసత్వం వదులుకోవాలి. అది వదులుకోమని నేను ఎప్పటికీ అడగను. అడిగే హక్కు నాకు లేదనే అనుకుంటాను. డిసెంబర్ 24 రాత్రి వాళ్లు భోజనాల బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతారు, అనుకోకుండా ఎవరైనా వస్తే వాళ్ల కోసం. మా ఇంట్లోనూ పెడతాం. ఆ కంచం వైపు ఆయన చూసే చూపులో వాళ్ల అమ్మ ఉంటుందని నాకు తెలుసు.

కలిసొచ్చినవీ ఉన్నాయి. వచ్చిన కొత్తలో మా బాబాయి గుమ్మం బయట నిలబడి చెయ్యి చాపితే, ఈయన చెయ్యి ఇవ్వకుండా లోపలికి రమ్మని సైగ చేసి, గడప దాటి వచ్చాకే చెయ్యి కలిపారు. పోలండ్‌లో గడప మీదుగా చెయ్యి ఇవ్వరు, మంచిది కాదంటారు. నాయనమ్మ పీట మీద కూర్చుని అంతా చూస్తోంది. "గడప సంగతి తెలిసిన పిల్లాడే" అంది నాతో, చాలా మెల్లగా.

నా స్నేహితురాలికి నేను చెప్పాల్సింది ఇదీ. కాగితాలు అవుతాయి, టైం పడుతుంది, అవుతాయి. టికెట్లు కొనేముందు అమ్మావాళ్లతో కూర్చుని మాట్లాడు. అతనికి ఇంట్లో ఒక పని ఇవ్వమని చెప్పు, గ్యాస్ బుక్ చెయ్యడమో, మొక్కలకి నీళ్లో, ఏదో ఒకటి, అది అతనే చెయ్యాలి, చెయ్యకపోతే ఆ పని ఆగిపోవాలి. నువ్వు ప్రతి మాటకీ మధ్యలో దూరి తర్జుమా చెయ్యకు. తప్పులు మాట్లాడనీ, ఆటో అతనితో బేరం ఆడి మోసపోనీ. మొదటి ఆరు నెలలకి సరిపడా డబ్బు అతని పేరు మీదే, అతని చేతిలో ఉండేలా అక్కడే ఏర్పాటు చేసుకోండి. మేం చెయ్యలేదు, చేసి ఉంటే ఆ టీ చిల్లర రోజులు వచ్చేవి కావు.

మొన్న వేసవిలో డాబా మీద అమ్మ ఆవకాయ ముక్కలు ఆరబెట్టింది. పక్కనే ఆయన దోసకాయలు ఉప్పునీళ్లలో ఊరేసిన సీసాలు పెట్టుకున్నారు. క్లాసు అయ్యాక స్నానం చేసొచ్చి తడి తువ్వాలు తీసుకెళ్లి నాన్న మంచం మీద పడేశారు. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ గొంతు వినపడింది, "ఏం బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, తడి బట్ట పరుపు మీద వెయ్యొద్దని?" గారు లేదు, మీరు లేదు. నేను గబగబా బయటికొచ్చాను. ఆయన తువ్వాలు తీసి దండెం మీద ఆరేస్తున్నారు, మొహం వెలిగిపోతోంది. నాన్న మంచం మీంచి, "నన్నైతే నలభయ్యేళ్ల నుంచి తిడుతోంది, నువ్వు కొంచెం ఆలస్యం చేశావు" అన్నాడు.