ఖాళీ బిందెల ఫొటో, వినిపించని గొంతులు: నా పీహెచ్‌డీ అనుభవం

జిల్లా పేజీల మీద పీహెచ్‌డీ చేస్తానంటే మొదట్లో చాలామంది ఒకటే మాట అన్నారు. "అందులో రీసెర్చ్ చేయడానికి ఏముందమ్మా? పొద్దున చదివి మధ్యాహ్నానికి పక్కన పడేసేవే కదా!" నేను పుట్టి పెరిగింది కనిగిరి వైపు. మా ఊళ్లో మెయిన్ పేపర్ కంటే ముందు చేతులు మారేది లోపలి జిల్లా పేజీలే. ట్యాంకరు ఎందుకు రాలేదు, పింఛను జాబితాలో ఎవరి పేరు తీసేశారు, ఏ నాయకుడు ఏ పార్టీలోకి వెళ్లాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. మా ఊరి ఓటరుకు రాజకీయం అందేది ఆ పేజీల్లోంచే అని నాకు ముందునుంచీ గట్టి నమ్మకం. దాన్ని లెక్క కట్టి చూపించడానికి ఐదేళ్లు దాటింది. మీడియా మీద పరిశోధన చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆ అనుభవం రాస్తున్నాను.

2019 జులైలో సీటు వచ్చింది. అప్పటికి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2016 నిబంధనలు నడుస్తున్నాయి. ముందు కోర్స్‌వర్క్, ఆ తర్వాత ఆరు నెలలకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్. థీసిస్ ఇచ్చేలోగా రిఫరీడ్ జర్నల్‌లో, అంటే నిపుణులు చూసి సరే అన్నాకే అచ్చువేసే పత్రికలో, ఒక పేపరు రావాలి, సెమినార్లలో రెండు పత్రాలు చదవాలి. కోర్స్‌వర్క్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, చదివాం, పరీక్ష రాశాం. అందులో నాకు బాగా పట్టుకున్నది మాత్రం మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు అమెరికన్ మీడియా పరిశోధకులు చేసిన పని. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్లో, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని మీకు ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు. వాళ్లు చూసే పత్రికలు, టీవీ ఏ విషయాలకు ఎంత చోటు ఇస్తున్నాయో విడిగా కొలిచారు. రెండు జాబితాలూ దాదాపు ఒకే వరుసలో వచ్చాయి. మీడియా దేనికి ఎక్కువ చోటిస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారనే అజెండా సెట్టింగ్ సిద్ధాంతం 1972లో అచ్చయిన ఆ వ్యాసం నుంచే పుట్టింది. అంత చిన్న ఊళ్లో అంత సాదా పద్ధతిలో ఇంత పెద్ద విషయం తేలిందంటే మా ప్రకాశం జిల్లాలో ఎందుకు చేయకూడదు అనిపించింది.

మా గైడ్ సార్ నా ఉత్సాహమంతా విని ఒకటే ప్రశ్న వేశారు. "నువ్వు వార్తలో చూసింది ఇంకొకరు కూడా అలాగే చూడగలరా?" ఆ ప్రశ్నతోనే విషయం కుదించుకుంటూ వచ్చాం. చివరికి మిగిలింది ఇది: ఎన్నికల కాలంలో జిల్లా పేజీల్లో ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరి గురించి రాస్తున్నారు అన్నది కాదు. పేరుతో సహా ఎవరి మాట అచ్చవుతోంది అన్నది. మూడు దినపత్రికలు తీసుకున్నాను, పేర్లు ఇక్కడ అవసరం లేదు. 2019 మార్చి 10న ఎన్నికల కోడ్ వచ్చిన దగ్గర్నుంచి ఏప్రిల్ 11న పోలింగ్ దాకా ప్రతి సంచికా చూడాలి. పోల్చడానికి ఎన్నికలు లేని 2018 నుంచి నమూనా తీసుకోవాలి.

నమూనా ఎలా తీశామో కాస్త వివరంగా చెప్పాలి. ఏదో ఒక నెల తీసుకుంటే సరిపోదు. ఏడాదిలోని సోమవారాలన్నీ ఒకచోట రాసి లాటరీ వేసి రెండు తీయాలి. మంగళవారాలకూ అంతే, ఆదివారం దాకా. అలా 14 సంచికలు వస్తాయి. కన్‌స్ట్రక్టెడ్ వీక్ అంటారు దీన్ని. మన జిల్లా పేజీల విషయంలో ఈ పద్ధతి ఎంత అవసరమో నాకు పేపర్లు తిరగేశాకే అర్థమైంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ కార్యక్రమం పేరు మారుతుంది కానీ వారం మారదు. అందుకే మంగళవారం పేపర్లో మామూలు జనం గొంతు కాస్త ఎక్కువ వినిపిస్తుంది. భూమి పట్టా రాని రైతు, పింఛను ఆగిన ముసలమ్మ పేరుతో, ఊరితో సహా కనిపిస్తారు. నమూనాలో మంగళవారాలు రెండు ఎక్కువ పడితే చాలు, పత్రికలు జనం మాటే రాస్తున్నాయన్న తప్పుడు ఫలితం వచ్చేస్తుంది.

అసలు కష్టం పేపర్లు సంపాదించడంలో వచ్చింది. లైబ్రరీల్లో పాత పేపర్లు బైండు చేసి ఉంచుతారు, నిజమే. కానీ హైదరాబాద్ లైబ్రరీకి వచ్చేది హైదరాబాద్ ఎడిషన్. ఒంగోలులో జనం చదివిన పేజీలు అక్కడికి రావు. జిల్లాలోని లైబ్రరీల్లోనేమో మెయిన్ బైండు చేసి, జిల్లా పేజీలుండే చిన్న సైజు టాబ్లాయిడ్ తూకానికి వేసేస్తున్నారు. ఈ-పేపర్ పాత సంచికలు చూద్దామంటే కొంత వెనక్కి వెళ్లాక పేజీలు తెరుచుకోవడం లేదు. జిల్లా చరిత్ర రోజూ లక్షల కాపీల్లో అచ్చవుతోంది, ఏడాది తిరిగేసరికి ఒక్క కాపీ దొరకదు! ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక చూడాలంటే దారి ఉంది. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత సంచికలు భద్రంగా ఉన్నాయి. నా చరిత్ర అధ్యాయం అలాగే రాశాను. కానీ మొన్న మొన్నటి 2018 నాటి జిల్లా పేజీ కోసం ఊళ్లు పట్టుకుని తిరగాల్సి వచ్చింది.

చివరికి దారి చూపించింది ఒక రిటైర్డ్ టీచరుగారు. తన శాఖకు సంబంధించిన వార్తల కోసం ఏళ్ల తరబడి టాబ్లాయిడ్లు దాచారాయన. "పేజీలు చించకుండా ఫొటో తీసుకుంటానంటే ఎన్ని రోజులైనా రా అమ్మా" అన్నారు. ఆయన దగ్గర లేనివి ప్రభుత్వ కార్యాలయాల పేపర్ కటింగ్ ఫైళ్లలో వెతికాను. ఆ కటింగులు నమూనాకు పనికిరావు, ఎందుకంటే ఆఫీసుకు కావలసిన వార్తే కత్తిరిస్తారు. ఏ తేదీ పేజీలో ఏం ఉందో సరిచూసుకోవడానికి మాత్రం ఉపయోగపడ్డాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి ఎక్కువ భాగం నా ఫోన్లోకి ఎక్కింది కాబట్టి బతికిపోయాను.

తర్వాత కోడింగ్, అంటే ఒక్కో వార్త చదివి అందులో ఏముందో గుర్తులు పెట్టడం. ప్రతి వార్తకూ ఒక వరుస: తేదీ, పేజీ, ఎన్ని కాలమ్‌లు, విషయం, ఎవరెవరు మాట్లాడారు, ఫొటోలో ఎవరున్నారు. నాతోపాటు కోడింగ్ చేయడానికి ఇద్దరు పీజీ విద్యార్థులు ఒప్పుకున్నారు. ముగ్గురం విడివిడిగా అవే వార్తలు చదివి గుర్తులు పెట్టాలి, ఆ తర్వాత మా గుర్తులు ఎంతవరకు కలిశాయో క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫాతో కొలవాలి. అనుకోకుండా కలిసిన వాటిని ఆ సూత్రం తీసేస్తుంది. 0.80 దాటితే ధైర్యంగా రాసుకోవచ్చు, 0.667 కంటే తగ్గితే ఆ అంశం వాడకూడదు. విషయం, పేజీ, కాలమ్‌లు సులువుగా కలిశాయి. వార్త ఎవరికి అనుకూలం అన్న దగ్గర గొడవ మొదలైంది. పింఛన్ల పంపిణీ వార్త ఒకరికి ప్రభుత్వ ప్రచారం, ఇంకొకరికి మామూలు సమాచారం. చాలా చర్చ జరిగాక, వార్తలో పొగడ్త గానీ విమర్శ గానీ నేరుగా ఉంటేనే గుర్తు పెట్టాలని కోడ్‌బుక్‌లో, అంటే మా గుర్తుల నియమాల పుస్తకంలో, రాసుకున్నాం. మనసులో అనిపించినదానికి గుర్తు పెట్టకూడదు.

ఆ కోడ్‌బుక్‌ను మార్చేసిన వార్త ఒకటుంది. కనిగిరి ప్రాంతంలో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంది, తాగునీటికి ట్యాంకరో క్యానో దిక్కు. ఆ వార్త డబుల్ కాలమ్. పైన పెద్ద ఫొటో, రోడ్డు మీద వరసగా ఖాళీ బిందెలు, వెనక నిలబడ్డ ఆడవాళ్లు. ముందు వరసలో ఒకామె చెయ్యి పైకెత్తి ఏదో గట్టిగా చెబుతోంది, నోరు తెరిచి ఉంది. కింద వార్త చదివితే మాజీ సర్పంచ్ పేరుతో ఒక మాట ఉంది, ఎంపీడీవో పేరుతో ఒక మాట, ఒక పార్టీ మండల అధ్యక్షుడి విమర్శ నాలుగు వాక్యాలు. ఆడవాళ్ల గురించి ఉన్నది "మహిళలు ఆవేదన వ్యక్తం చేశారు" అని ఒక్క ముక్క. ఆమె ఏమంటోంది? ఎంత దూరం నడుస్తోంది? క్యానుకు ఎంత పెడుతోంది? ఒక్కటీ లేదు. మా ముగ్గురిలో ఒకరు ఆమెను వార్తలో మాట్లాడిన మనిషిగా లెక్కేశారు, ఇద్దరం వేయలేదు. అప్పుడు మూడు మెట్లు పెట్టుకున్నాం: పేరూ మాటా రెండూ ఉన్నవాళ్లు, పేరు లేకుండా మాట మాత్రం ఉన్నవాళ్లు, ఫొటోలో మాత్రమే ఉన్నవాళ్లు. నా థీసిస్ మొత్తం ఆ మూడో మెట్టు మీదే నిలబడింది. ఎన్నికల నెలలో జిల్లా పేజీల్లో ఓటర్ల ఫొటోలు పెరిగాయి, పేరుతో వచ్చిన వాళ్ల మాట తగ్గింది. మూడు పత్రికల రాజకీయ మొగ్గు వేరైనా ఈ ఒక్క విషయంలో తేడా పెద్దగా లేదు.

పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని వార్తలా అచ్చువేసే ప్రచారం, సంగతేమిటని కమిటీలో ప్రతిసారీ అడిగేవారు. అడగాల్సిన ప్రశ్నే. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ జర్నలిస్టు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్ రెడ్డిలతో సబ్ కమిటీ వేసింది. వాళ్ల నివేదికలో పశ్చిమ గోదావరి జిల్లాలో జర్నలిస్టుల సంఘం చేసిన పరిశీలన కూడా ఉంది. ఒకే మ్యాటర్ వేర్వేరు పత్రికల్లో అక్షరం పొల్లు పోకుండా రావడం, ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తారని రాయడం లాంటి ఆనవాళ్లు అందులోంచే నేర్చుకున్నాను. నాకూ అలాంటివి దొరికాయి. కానీ వాటిని పెయిడ్ న్యూస్ అని రాయలేదు. డబ్బు చేతులు మారిందా లేదా అచ్చులో కనపడదు. "ఒకే పాఠం ఉన్న వార్తలు" అని మాత్రమే రాశాను, ఆ మాట మీదే చివరిదాకా నిలబడ్డాను.

లెక్కలు తేలాక విలేకరుల దగ్గరికి వెళ్లాను. చెప్పాలంటే ఈ పరిశోధనలో నాకు ఎక్కువ నేర్పింది వాళ్లే. మండల విలేకరికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన లైన్లను బట్టి డబ్బులు. పైగా ఉగాదికి, దసరాకు, జనవరి ఒకటికి నాయకుల శుభాకాంక్షల యాడ్స్ తేవాలి. ఎవరి గురించి వార్త రాయాలో వాళ్లనే యాడ్ అడగాలి. అంగీకార పత్రం మీద సంతకం పెట్టమంటే ఎవరూ పెట్టలేదు, ఉద్యోగం పోతుందని టెన్షన్. కమిటీ నోటిమాట అంగీకారానికి ఒప్పుకుంది. రికార్డింగ్ ఆపేసి నోట్స్ రాసుకున్నాను. ఒకాయన సూటిగా చెప్పారు. "మేడం, సాయంత్రం ఐదింటికల్లా నాయకుడి పీఏ ఫొటోతో సహా మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టేస్తాడు. ఆ ఊరు వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడి రావాలంటే రానూ పోనూ పెట్రోలు నా జేబులోంచే. డెస్క్ వాళ్లు ఆరున్నరకు ఫోన్ చేస్తారు. మీరే చెప్పండి."

ఇంకొకాయన చెప్పింది విన్నాక ఒక అధ్యాయం మొత్తం తిరగరాశాను. "మేము పేర్లు అడుగుతాం మేడం. వాళ్లే వద్దంటారు. పేపర్లో పేరు వస్తే రేపు పింఛను ఆపేస్తారేమోనని భయం." అంటే పేరు లేకపోవడంలో రెండు రకాలున్నాయి. విలేకరి వెళ్లకపోవడం వల్ల ఒకటి, మనిషి భయపడడం వల్ల ఒకటి. అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి. పేజీలు మాత్రమే లెక్కపెట్టి ఊరుకుంటే రెండోది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇలా అచ్చయినదాన్ని లెక్కకట్టే కంటెంట్ అనాలిసిస్ చేసే ప్రతి ఒక్కరూ కనీసం కొందరు విలేకరులతోనైనా కూర్చోవాలని నేను గట్టిగా చెబుతాను.

థీసిస్ ఇచ్చే ముందు ఇతరుల రాతలతో పోలికల తనిఖీ ఉంటుంది, 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. అది గడిచింది. జర్నల్ పేపరు దగ్గర మాత్రం జాగ్రత్త. డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిల్స్ వస్తూనే ఉంటాయి. ఎంత తొందరున్నా వాటి జోలికి పోవద్దు. నా పేపరు రెండు చోట్ల తిరిగొచ్చి మూడో చోట పడింది. తిప్పి పంపినవాళ్లు రాసిన అభ్యంతరాలతోనే అది బాగుపడింది.

థీసిస్ మీద మౌఖిక పరీక్ష, అదే వైవా, 2024లో జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు అడిగిన ప్రశ్న గుర్తుపెట్టుకోవలసింది. "1992లో దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా పేజీల్లో అంతగా వచ్చింది. ఉద్యమం నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అప్పుడూ విలేకరులకు డబ్బులు అంతంతమాత్రమే కదా, మరి అప్పుడు ఎలా సాధ్యమైంది?" పక్క నెల్లూరు జిల్లా సంగతి, నా చరిత్ర అధ్యాయంలోనే ఉంది. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు మొదలయ్యాక కొన్నేళ్లకే ఆ ఉద్యమం వచ్చింది, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. నేను చెప్పిన జవాబు ఇది: అప్పుడు ఆ ఆడవాళ్ల మాటకు పేజీలు కేటాయించాలని పైన నిర్ణయం జరిగింది. పేజీ ఉందని తెలిస్తే విలేకరి ఊరికి వెళ్తాడు. పైగా వాళ్లు ఒంటరిగా లేరు, ఊరు ఊరంతా కదిలింది, కాబట్టి పేరు చెప్పడానికి భయపడలేదు. ఆయన తలూపి, ఈ జవాబు థీసిస్‌లో ఎందుకు లేదు, రాయండి అన్నారు. ఆ రెండు పేజీలూ చేర్చి, థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ కోసం పీడీఎఫ్ లైబ్రరీలో ఇచ్చాను.

ఆ కోడ్‌బుక్ ఇప్పుడు ఇద్దరు జూనియర్ల చేతిలో ఉంది. 2024 మే 13 పోలింగ్‌కు ముందు వచ్చిన జిల్లా పేజీలతో పాటు లోకల్ యూట్యూబ్ ఛానళ్లను కూడా చేర్చారు. అక్కడ ఆడవాళ్లు మైకు ముందు పేరు చెప్పి మరీ మాట్లాడుతున్నారు. అదే మాట మర్నాడు పేపర్లో వస్తోందా లేదా అని చూస్తున్నారు. వీడియోలు కొన్ని నాలుగు రోజులకే మాయమవుతున్నాయట. అందుకే ఏ రోజు వీడియో ఆ రోజే డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోమన్నాను, టాబ్లాయిడ్లు కూడా రెండేసి కాపీలు కొని దాచమన్నాను.