బల్ల ఒకటే, కొలతలు రెండు: గాండాల్ఫ్, హాబిట్ షాట్ పని ఎంతవరకు వచ్చింది

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం (2001)లో గుర్రబ్బండి మీద మాంత్రికుడు గాండాల్ఫ్ పక్కన హాబిట్ అనే పొట్టి జాతికి చెందిన ఫ్రోడో చిన్నపిల్లాడంత కనిపిస్తాడు. అది కంప్యూటర్‌లో కుదించిన బొమ్మ కాదు. ఫ్రోడో వేసిన ఎలైజా వుడ్ కూర్చున్న చోటు, గాండాల్ఫ్ వేసిన ఇయాన్ మెక్‌కెలెన్ కంటే బాగా వెనక్కి ఉంటుంది, అంతే. అదే కిటుకుతో ఫ్రోడో ఉండే బ్యాగ్ ఎండ్ ఇంట్లోని బల్ల దగ్గర షాట్‌ను మామూలు గదిలో ఫోనుతో తీయడం ఈ పని. బల్ల, దీపాలు, చూపులు కుదిరాయి. కెమెరా కదిలే షాట్ ఇంకా నడుస్తోంది.

ముందు లెక్క. సమానమైన ఎత్తున్న ఇద్దరిలో ఒకరు మూడింట రెండొంతులే కనిపించాలంటే, ముందున్నవారు లెన్స్‌కు 2 మీటర్లలో ఉంటే రెండోవారు 3 మీటర్లలో ఉండాలి. అంటే వెనక వైపు ప్రతి కొలతా 1.5 రెట్లు. లెన్స్ కింద తాపీమేస్త్రీ తూకం గుండు వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టుకుని, దూరాలన్నీ అక్కడి నుంచే కొలవాలి. ట్రైపాడ్ కాళ్ల నుంచి కొలిస్తే తేడా వచ్చేస్తుంది.

బల్ల నిజానికి రెండు ముక్కలు, కెమెరాకు మాత్రం అతుకు కనిపించకుండా ఒకటే బల్లగా కనిపించాలి. ఫ్రేములో ఎడమ సగం (ముందున్న గాండాల్ఫ్‌ది) అంచు 1.5 మీటర్ల దూరంలో, కుడి సగం (వెనకున్న హాబిట్‌ది) అంచు 2.25 మీటర్ల దూరంలో ఉంటాయి. ఎడమది 40 సెం.మీ. లోతైతే కుడిది 60. బల్ల మీద ఇవతలి కప్పు 8 సెం.మీ. అయితే అవతలిది 12. చెక్క మందం, గుడ్డ మీద చారల వెడల్పు కూడా పెరగాలి. చారలు మరిచిపోతే అతుకు ఇట్టే దొరికిపోతుంది.

అందరూ తడబడేది ఎత్తు దగ్గరే. లెన్స్ 120 సెం.మీ. ఎత్తులో ఉండి, ముందు బల్ల 75 ఉంటే, అది లెన్స్‌కు 45 కింద ఉన్నట్టు. వెనకది 67.5 కిందికి దిగాలి. అంటే నేల నుంచి 52.5 సెం.మీ. మాత్రమే. పెద్ద బల్ల కదా అని ఎత్తు కూడా పెంచితే అతుకు దగ్గర మెట్టు కనిపిస్తుంది. ఇటుకల మీద ప్లైవుడ్ వేస్తే ఈ ఎత్తు సులువుగా వస్తుంది. ముందున్నవారికి 45 సెం.మీ. కుర్చీ వేస్తే వెనకవారికి 7.5 సెం.మీ. పీట. ఆ పీట మీద కూర్చుంటే బల్ల ఛాతీ దాకా వచ్చి హాబిట్ కొలత చక్కగా కుదురుతుంది. నేల ఫ్రేములో పడితే మాత్రం గుట్టు రట్టే.

ఫోకస్‌లో ఫోనుదే పైచేయి. 2.4 మీటర్ల దగ్గర లాక్ చేస్తే ఇద్దరూ స్పష్టంగా ఉంటారు. పెద్ద సెన్సార్ కెమెరాలో 35 ఎం.ఎం. లెన్స్‌కు ఎఫ్/2.8 (లెన్స్ రంధ్రం పెద్దగా తెరిచి) పెడితే స్పష్టత 2.06 నుంచి 2.87 మీటర్ల వరకే. అంటే ఇద్దరూ మసకే. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెడితే 1.6 నుంచి 4.5 దాకా వస్తుంది కానీ వెలుగు ఎనిమిది రెట్లు కావాలి. ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్, ముఖాన్ని వెంటాడే ఫోకస్, వణుకు సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయాలి. దీపం కెమెరా పక్కనే ఉంటే వెనక ముఖానికి సగం కంటే తక్కువ వెలుగు అందుతుంది, అందుకని అటు వేరే దీపం.

ఇద్దరూ నిజంగా ఒకరినొకరు చూసుకుంటే షాట్ పోతుంది. ముందున్నవారి తల వెనక్కి తిరిగిపోతుంది. హాబిట్ ఉన్నట్టు కనిపించే చోటు మీదుగా చూపును పొడిగించి, ఫ్రేము బయట టేపు ముక్క అంటించి దాన్నే చూడాలి. వెనకవారికి అలాంటిదే మరో గుర్తు, కాస్త పైన.

సినిమాలో అన్నీ ఇలా తీయలేదు. బ్యాగ్ ఎండ్‌ను రెండు కొలతల్లో కట్టారు. హాబిట్ల డూపుగా భారతీయ మూలాలున్న, సుమారు 126 సెం.మీ. ఎత్తున్న కిరణ్ షా చేశారు. అన్నిటికంటే తెలివైన ఆదా గిమ్లీ విషయంలో. హాబిట్లలాగే పొట్టిగా కనిపించాల్సిన ఆ మరుగుజ్జు పాత్రకు ఆరడుగులు దాటిన జాన్ రీస్-డేవీస్‌ను తీసుకోవడంతో, హాబిట్ నటుల పక్కన ఆయన ఏ కిటుకూ లేకుండానే సరిపోయాడు.

ఇక కదలిక. కెమెరాను అక్కడే తిప్పితే పర్వాలేదు, పక్కకు జరిపితే అతుకు విడిపోతుంది. సినిమాలో కెమెరా ట్రాలీతో పాటు నటుడు కూర్చున్న వేదిక కూడా కదిలేలా అమర్చారు. మన కొలతల్లో కెమెరా 10 సెం.మీ. ఎడమకు వెళ్తే వెనక బల్ల, పీట, మనిషి కలిసి 5 సెం.మీ. కుడికి జరగాలి. సరిగ్గా సగం కాబట్టి ఒక కదిలే కప్పీ చాలు. తాడు ఒక కొస కుడి గోడకు కట్టి, వెనక ట్రాలీ మీది కప్పీ చుట్టూ తిప్పి, కుడి వైపే బిగించిన రెండు కప్పీల మీదుగా కెమెరా ట్రాలీకి చేర్చాలి. నైలాన్ తాడు సాగుతుంది, మనిషి బరువుకు ట్రాలీ ముందు మొరాయించి తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. సన్నని ఉక్కు తీగ వాడితే సాగడం తగ్గుతుంది. దూకుడు మాత్రం పూర్తిగా పోదు కాబట్టి కదలికను కాస్త ముందే మొదలుపెట్టి ఎడిటింగ్‌లో ఆ ముక్క కత్తిరించాలి. ఈ అమరిక ఒక వైపే లాగుతుంది, వెనక్కి రాదు. ప్రతి టేకు మొదలయ్యే ముందు వెనక ట్రాలీని చేత్తో మొదటి గుర్తు దగ్గరికి తోసుకోవాల్సిందే.