పది మీటర్ల కట్టెలు, ఒక గొర్రె

తెల్లవారి ఆరున్నరకు ట్రాక్టరు చప్పుడుతో మెలకువ వచ్చింది. తెర పక్కకు లాగి చూస్తే గేటు ముందు గుట్టగా పోసిన కట్టెలు, వాటి పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ నాన.

నాన అంటే నేను ఉంటున్న ఇంటి యజమానురాలు. సెర్బియాలోని ఈ మూల ఎక్కువగా ఉండే బోస్నియాకుల ఇళ్ళలో, అంటే స్లావ్ జాతి ముస్లింల ఇళ్ళలో, నాయనమ్మనీ అమ్మమ్మనీ ‘నాన’ అని పిలుస్తారు. ఆమె మనవలు జర్మనీలో ఉన్నారు, వాళ్ళ పిలుపే నాకూ అలవాటైంది. మొదటి వారమంతా నోరు తెరిచి నాన అన్నప్పుడల్లా మా నాన్న కళ్ళ ముందు కనబడి నవ్వు ఆపుకోలేకపోయేవాడిని. ఆ ముక్క ఫోనులో చెబితే, “అయితే నెల కిరాయి నాకే పంపు” అన్నారాయన. చిత్రం ఏమిటంటే నెలాఖరున నాన అడిగేది కూడా ‘కిరియా’నే. అరబ్బీ, పారసీల నుంచి ఒకే మాట ఒక దారిన హైదరాబాదుకూ, ఇంకో దారిన ఇస్తాంబుల్ మీదుగా ఈ కొండల్లోకీ వచ్చింది. చొక్కా జేబు ఇక్కడ జెప్, దుకాణం దుచాన్. చక్కెర మాత్రం మన శర్కరే. పర్షియా, తుర్కీ తిరిగి ఇక్కడ షెచెర్‌గా స్థిరపడింది. నా సెర్బియన్ అంతంత మాత్రం కాబట్టి ఇలాంటి మాట దొరికినప్పుడల్లా రోడ్డు మీద పది రూపాయల నోటు దొరికినట్టు ఉంటుంది.

ఊరి పేరు సియెనిత్సా. సెర్బియా నైరుతి మూలన, పెష్టెర్ పీఠభూమి అంచున, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. ఇల్లూ ఆఫీసూ ఒకే కంప్యూటర్‌లో ఉన్న ఉద్యోగం నాది. బెల్‌గ్రేడ్ కిరాయిలు భరించలేక, ఒక స్నేహితుడి మాట మీద రెండు నెలలకని వచ్చాను. “అక్టోబరులోనా? స్వెట్టర్లు ఉన్నాయా?” అని అడిగాడు వాడు. ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలుస్తోంది. పెష్టెర్ మీద కరయుకిచా బునారి అనే పల్లె ఉంది. 1985 జనవరి 13న అక్కడ మైనస్ 39.5 డిగ్రీలు నమోదైంది. సెర్బియా మొత్తానికి అదే రికార్డు. ఇక్కడివాళ్ళు ఆ అంకె చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం ఉంటుంది, రెంటచింతలవాళ్ళు ఎండ గురించి చెప్పినట్టు.

అందుకే కట్టెలు. ఇక్కడ వంట చెరకు బరువు లెక్కన అమ్మరు, మీటరు లెక్కన అమ్ముతారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పేరిస్తే ఒక మీటరు. చలికాలానికి నానకు పది మీటర్లు కావాలి. వంటగదిలో తెల్లటి ఎనామిల్ పొయ్యి ఉంది, దాన్ని స్మెదెరెవాత్స్ అంటారు. వంట, వేడినీళ్ళు, గది వెచ్చదనం, తడిసిన మేజోళ్ళు ఆరడం, అన్నీ దాని పుణ్యమే.

“నేను పేరుస్తాను, మీరు లోపల కూర్చోండి” అన్నాను, వయసు చూసి. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, “పేర్చు బాబూ, కానీ బెరడు పైకి ఉండాలి. వాన జారిపోతుంది. మధ్యలో గాలి ఆడాలి. ఎలుక దూరాలి, పిల్లి దూరకూడదు” అంది. ఎలుక దూరే సందు ఎంతో, పిల్లి దూరనిది ఎంతో నాకెలా తెలుస్తుంది? తలూపి పనిలో పడ్డాను.

మూడు వరసలు పేర్చానో లేదో, పక్కింటి నుంచి కేకలు. వాళ్ళ ముసలి గొర్రె ఒకటి రాత్రి కడుపుబ్బి చచ్చిపోయిందట. గోడ మీదుగా చూశాను. సియెనిత్సా గొర్రె ఒళ్ళంతా తెల్లగా ఉంటుంది. మూతి, కళ్ళ చుట్టూ, చెవులు మాత్రం నల్లన, కాటుక పెట్టబోయి చెయ్యి జారినట్టు. నాలుగు కాళ్ళూ కొయ్యల్లా చాచి పడి ఉంది. చెవి కొన మీద ఇంకా మంచు కరగలేదు. ఆ ఇంటాయన దాని మెడలోని గంట విప్పి జేబులో వేసుకున్నాడు, ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. గంటన్నరలో ఒక పికప్ బండి వచ్చి గొర్రెను ఎక్కించుకుని పోయింది. ఎక్కడికి అని అడిగితే, అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు చూసి, “సూపులకు” అన్నాడు.

సూప్ అంటే రాబందు. ఊరికి దగ్గర్లోనే ఉవత్స్ నది సున్నపురాతి కొండల్ని కోసుకుంటూ పాములా మెలికలు తిరుగుతుంది. ఆ కొండ చరియల్లో తెల్ల తల రాబందులు గూళ్ళు పెడతాయి. చచ్చిన పశువుల్ని కొండ మీద ఒక చోట వాటికి మేతగా వేస్తారు. పోయిన ఆదివారం పైనున్న గట్టు మీద నిలబడి చూశాను. రెక్కలు చాస్తే రెండున్నర మీటర్లు దాటే పక్షి, ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా నా కాళ్ళ కిందుగా, నదికి పైగా సాగిపోయింది. దాని వీపు కనబడింది. పక్షి వీపును పైనుంచి చూడడం నా జీవితంలో అదే మొదటిసారి.

అసలు రాబందును చూడడమే మొదటిసారి. మా ఊళ్ళో ఎద్దు చస్తే చెరువు కట్ట అవతల వేసేవారనీ, మధ్యాహ్నానికి రాబందులు వాలి సాయంత్రానికి ఎముకలు మిగిల్చేవనీ నాన్న చెబుతుంటారు. నాకు ఊహ తెలిసేసరికి ఒక్కటీ లేదు, మాట మాత్రం మిగిలింది. ఎవడైనా జనాన్ని దోచుకుంటే ‘రాబందులా పీక్కు తింటున్నాడు’ అని పేపర్లో రాస్తారు. జటాయువుకు దండం పెట్టే జాతే ఈ పేరును తిట్టుగా వాడుకోవడం నాకెప్పుడూ అంతుపట్టదు. మన దగ్గర వాటిని చంపింది పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేనాటికే చాలావరకు అయిపోయాయి. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనబడితే అది పెద్ద వార్త అయింది.

ఇక్కడి కథ వేరు. మధ్యాహ్నం కాఫీ దగ్గర నాననే అడిగాను. జెజ్వా అనే పొడుగు కాడ గిన్నెలో మరిగించిన కాఫీని, పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తుంది. చక్కెర ముక్క కాఫీలో వేయకూడదు, కొస తడిపి కొరుక్కుంటూ తాగాలి. ఆ పద్ధతి నేర్చుకోడానికి నాకు ఐదు రోజులు పట్టింది.

“తోడేళ్ళకని మాంసంలో విషం పెట్టేవారు. తోడేలు తెలివైనది. పక్షులు తిని చచ్చేవి” అంది. తర్వాత వేలు ముడుస్తూ, “ఒకప్పుడు ఇన్నే ఉండేవి” అని రెండు చేతులు చూపింది. ఆమె లెక్క తప్పేమీ కాదు. 1990 దశకం మొదట్లో ఉవత్స్‌లో మిగిలినవి పట్టుమని పది కూడా లేవు. ఈ పక్షి ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. అయినా కాపాడి, మేత వేసి, ఇప్పుడు వందల్లోకి తెచ్చారు.

“పక్షులు వచ్చాయి, పిల్లలు పోయారు” అని నాన కప్పు బోర్లించింది. నేను మాట్లాడలేదు. చుట్టుపక్కల పల్లెలతో కలిపి ఈ మునిసిపాలిటీ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. 2011లో 26,392 మంది ఉండేవారు, దాదాపు ముప్పాతిక మంది బోస్నియాకులు, మిగిలినవారిలో ఎక్కువమంది సెర్బులు. 2022 లెక్కల్లో 24 వేలకు వచ్చింది. మా వీధిలోనే నాలుగు మూడంతస్తుల ఇళ్ళు ఉన్నాయి, కిటికీ చెక్కలు మూసే ఉంటాయి. జులైలో జర్మనీ నంబరు ప్లేట్ల కార్లతో నిండిపోతాయట, ఆగస్టు దాటగానే మళ్ళీ తాళాలు. ఈ వర్ణన ఎవరికైనా మన గోదావరి జిల్లాల ఊళ్ళను గుర్తు చేస్తే నా తప్పు కాదు.

నాలుగింటికి చార్షియాకు, అంటే బజారు వీధికి వెళ్ళాను. బోర్డులు కొన్ని సిరిలిక్‌లో, కొన్ని లాటిన్ అక్షరాల్లో ఉంటాయి. సెర్బియన్‌తో పాటు బోస్నియన్ కూడా ఇక్కడ అధికార భాష. 1912 దాకా సంజాక్ అని పిలిచే ఈ ప్రాంతం ఆటోమన్ తుర్కుల ఏలుబడిలో ఉండేది. నడిబొడ్డున ఉన్న సుల్తానియా వాలిదే మసీదు ఆ కాలంలోనే, పందొమ్మిదో శతాబ్దంలో కట్టారు. వాలిదే అంటే తల్లి, సుల్తాను తల్లి పేరు మీద అన్నమాట; ఉర్దూ వచ్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రార్థన మందిరం మొత్తానికి ఒకే గుమ్మటం, ఊరి స్థాయికి మించినంత పెద్దది. చినుకు మొదలైతే దాని వసారాలో నిలబడ్డాను. పక్కన ముగ్గురు పెద్దవాళ్ళు కట్టెల ధర మీద వాదించుకుంటున్నారు. మూడేళ్ళ కిందటి ధరతో పోల్చి తల కొట్టుకుంటున్నారు. ఆ మాత్రం సెర్బియన్ నాకు పూర్తిగా అర్థమైంది.

వస్తూ రెండు కొన్నాను. ఒకటి మాంతియెలు: కీమా కూరి పొయ్యిలో కాల్చిన చిన్న పిండి ముద్దలు, పుల్లటి పెరుగుతో తింటారు. నాకు మాంసం తినే అలవాటు లేదని నాన ముందే గొణిగింది, కాబట్టి అవి ఆమెకు. రెండోది నాకు, అర కిలో గొర్రె పాల జున్ను, అంటే చీజ్. సియెనిత్సా పేరు చెబితే సెర్బియా అంతటా గుర్తొచ్చేది ఇదే. కొయ్య తొట్టిలో ఉప్పునీళ్ళలో ఊరుతుంది. దుకాణదారు ఒక ముక్క కోసి కత్తి కొన మీదే ఇచ్చాడు. మొదట ఉప్పు, తర్వాత పులుపు, మింగాక చాలాసేపటికి పచ్చగడ్డి వాసన. ఉదయం చూసిన గొర్రె మొహం ఒక్క క్షణం కళ్ళ ముందు మెదిలింది. అయినా ఇంకో ముక్క అడిగాను.

రాత్రి భోజనం అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. బయట టార్చిలైటు కదులుతోంది. దొంగేమో అని తెర జరిపి చూశాను. నాన. తల మీద శాలువా, చంకలో టార్చి. నేను ఉదయం పేర్చిన మూడు వరసల్ని ఒక్కో కట్టే తీసి, బెరడు పైకి తిప్పి, మళ్ళీ పేరుస్తోంది.